తాలీం – తాలింఖానా

ఉర్దూ భాషలో 'తాలీం' అనగా విద్య. ఆ మాటే దక్కను దేశంలోను, మన తెలుగునాటను కుస్తీ, కర్రసాము, దండీలు, బస్కీలు నేర్పు చోటికి 'తాలింఖానా' అను పేరై నిలిచినది. పుస్తకం పట్టుట, బరువు పట్టుట రెండూ ఒకే మాట క్రింద చేరిన భాషను మన కళాశాలలో బోధించుచున్నారు. కాని ఆ మాటకు గల రెండవ అర్థానికి మన ప్రాంగణంలో ఒక గది అయినా లేదు. ఈ విషయమై నాలుగు మాటలు వ్రాసినచో మిత్రులకు ఉపయోగపడునని, పాలక సంఘం వారి దృష్టికి కూడా వచ్చునని నా ఆశ.

నేను మూడేండ్లుగా రేపల్లె నుండి తెనాలికి ఉదయపు రైలులో వచ్చుచున్న వాడను. మా పెట్టెలో యువకుల సంభాషణ ఒకప్పుడు సినిమాల చుట్టూ, క్రికెట్ చుట్టూ తిరిగేది. ఇప్పుడు సగం మాటలు కండలను గురించినవే. ఎవరి దండచేయి ఎన్ని అంగుళాలు, ఎవరు ఎంత బరువు ఎత్తుచున్నారు, ఏ పొడిని ఏ పాలలో కలుపవలెను అనునవే చర్చలు. దీనిని నేను తప్పు పట్టుట లేదు. పద్దెనిమిదేండ్ల వాడు బలవంతుడు కావలెనని కోరుట కంటె సహజమైనది వేరొకటి లేదు. నా ఆక్షేపణ మరొకటి. లెక్కలు నేర్చుటకు గురువు కావలెనని అందరం ఒప్పుకొందుము. బరువు ఎత్తుటకు మాత్రం గురువు అక్కరలేదనియు, సెల్ ఫోనులో కనబడు బొమ్మ చాలుననియు అనుకొందుము. దెబ్బ తగులునది అక్కడనే. నాకు తగిలినది గనుక చెప్పగలను.

మొదటి సంవత్సరంలో ఒక వ్యాయామశాలలో చేరి పది నెలలు శ్రద్ధగా శ్రమ చేశాను. భుజాలపై 70 కిలోల కడ్డీ మోసి బస్కీలు తీయగల స్థితికి వచ్చాను. మరుసటి సంవత్సరం వానకాలంలో టైఫాయిడ్ వచ్చినది. జ్వరం తగ్గునప్పటికి 61 కిలోల మనిషిని 52 కిలోలైనాను. చొక్కా వంకెకు తగిలించినట్లు వ్రేలాడుచుండెడిది. మెట్లెక్కునప్పుడు తొడలు వణికెడివి. మా అమ్మ కంటె ఎక్కువగా నేనే దుఃఖించాను. ఏలననగా పది నెలల కష్టం మూడు వారాలలో నీళ్ళపాలైనదని నా నమ్మకం. వైద్యుని అనుమతి రాగానే వ్యాయామశాలకు పోయి, సిగ్గు చేతను, పట్టుదల చేతను, మొదటి వారంలోనే పాత బరువు భుజాలపైకి ఎత్తుకొన్నాను. ప్రక్కనున్న శిక్షకుడు వారింపలేదు సరికదా, 'ఏమీ కాదు, దిగు' అని ప్రోత్సహించాడు. దిగాను. లేవలేదు. నడుము పట్టి ఆరు వారాలు మంచం మీద ఉన్నాను.

ఆ శిక్షకుని నిందించుటకు ఈ కథ చెప్పలేదు. అతడు కూడా ఎవరివద్దను నేర్చుకొన్నవాడు కాడు. అద్దంలో చూచి నేర్చుకొన్నవాడు. మన జిల్లాలలో వ్యాయామశాలలకు కొదువ లేదు, కాని గురువులకు కొదువ ఉన్నది. నాకు గురువు దొరికినది తెనాలిలో ఒక టీ కొట్టు వద్ద. ఆయన రైసు మిల్లులో జీవితమంతా బస్తాలు మోసిన వృద్ధుడు. పీర్ల పండుగలో కర్రసాము ప్రదర్శించుచుండెడివాడు. నా నడక చూచి సంగతి అడిగి, తెలిసికొని, నవ్వి, 'బాబూ, నీవు పాత బరువుతో పందెం వేశావు. ఒళ్ళు పాతది కాదు గదా' అన్నాడు. పాత బరువులో సగంతో మొదలుపెట్టి, లెక్క తప్పకుండా పెంచుకొంటూ పొమ్మని చెప్పాడు. 35 కిలోలతో మొదలుపెట్టాను. వారానికి రెండు రోజులు. దినదినానికి రెండున్నర కిలోలు మాత్రమే ఎక్కువ. లెక్క ప్రకారం ఏడు వారాలలో 70 చేరవలెను. ఆరవ వారంలో 62 దగ్గర ఆగిపోయి, అయిదు కిలోలు వెనుకకు తగ్గి, మరల ఎక్కి, తొమ్మిదవ వారంలో చేరాను. మొదటిసారి పది నెలలు పట్టిన దానికి రెండవసారి తొమ్మిది వారాలు చాలినవి.

ఇది నా గొప్పతనం కాదు. ఇందులో శరీర ధర్మం ఒకటి ఉన్నది. అది తెలియకనే నేను అంత దుఃఖించాను. క్రొత్తగా బరువులు ఎత్తువానికి మొదటి కొద్ది వారాలలో వచ్చు బలం కండ పెరుగుట వలన వచ్చునది కాదు. మెదడు, నరములు ఉన్న కండనే ఎక్కువగా, క్రమంగా పనిలోనికి పిలుచుట నేర్చుకొనును. సైకిలు తొక్కుట వంటిదే ఇది. ఒకసారి నేర్చిన నరములు త్వరగా మరువవు. ఇక కండ మాట. కండపోగు ఒక విచిత్రమైన కణం; దానిలో ఒకటి కాదు, అనేక కేంద్రకములు ఉండును. వ్యాయామం చేత పోగు లావెక్కునప్పుడు క్రొత్త కేంద్రకములు వచ్చి చేరును. పని మానిన పిమ్మట పోగు సన్నబడినను ఆ కేంద్రకములు చాలకాలం నిలిచియుండుటను నార్వే దేశంలోని ఓస్లో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు 2010లో ఎలుకలలో చూపించారు. మనుష్యులలో ఇది ఎంతవరకు వర్తించునను విషయంలో శాస్త్రజ్ఞులు ఇంకను వాదించుకొనుచున్నారు. కాని ఫలితం మాత్రం మనుష్యులలోను కనబడినది. ఫిన్లాండులోని యువాస్కుల విశ్వవిద్యాలయంలో 2024లో వెలువడిన పరిశోధనలో కొందరు 20 వారాలు ఎడతెగక వ్యాయామం చేశారు. మరికొందరు 10 వారాలు చేసి, 10 వారాలు పూర్తిగా మాని, మరల 10 వారాలు చేశారు. చివరకు ఇరువురి బలం, కండ దాదాపు సమానమే. మధ్యలో మానినవారి కండ కొంత తగ్గినను బలం అంతగా తగ్గలేదట. తిరిగి మొదలుపెట్టిన కొద్ది వారాలలోనే పోయినది వచ్చి చేరినది.

కనుక జ్వరం వచ్చి లేచిన మిత్రుడు, పరీక్షల కొరకు రెండు నెలలు మానిన మిత్రుడు, ఇంటి పనుల వలన ఆగిపోయిన మిత్రుడు, మొదటి మెట్టు దగ్గర నిలిచితినని భ్రమపడనక్కరలేదు. అయితే పై మెట్టు మీదకు దుముకనూ రాదు. ఈ రెండు మాటలూ కలిసియే సత్యం.

ఈ పద్ధతిని శాస్త్రంగా రూపొందించినవాని కథ మన విద్యార్థులు తెలిసికొనదగినది. థామస్ డిలార్మ్ అను అమెరికా దేశీయుడు బాల్యం దాటుచుండగా కీళ్ళవాతపు జ్వరం వచ్చి మంచం పట్టి, లేచిన పిమ్మట బరువులు ఎత్తి తన దేహాన్ని తానే తిరిగి నిర్మించుకొన్నాడు. తరువాత వైద్యుడై, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో చికాగోలోని సైనిక ఆసుపత్రిలో మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేయవలసి వచ్చినది. ఆనాటి వైద్యం గాయపడిన కాలికి తేలిక కదలికలనే విధించేది. డిలార్మ్ తన అనుభవాన్ని నమ్మి, బరువు కట్టి కాలు చాపించి, వారవారం బరువు పెంచాడు. ఆ ఫలితాలను 1945లో వైద్య పత్రికలో ప్రకటించాడు. 1948లో తన సహచరునితో కలిసి ఒక సులభమైన లెక్క చెప్పాడు: పదిమార్లు మాత్రమే ఎత్తగల బరువు ఏదో తెలిసికొని, మొదట అందులో సగంతో పదిమార్లు, పిదప ముప్పాతికతో పదిమార్లు, చివర పూర్తి బరువుతో పదిమార్లు. నేడు వ్యాయామశాలలలో వినబడు 'మూడు సెట్లు, పదేసి సార్లు' అను మాట వెనుక ఈ లెక్క ఉన్నదని ఎందరికి తెలియును? రోగుల కొరకు పుట్టిన విద్యను మనం అద్దం ముందు ఆటగా మార్చుకొన్నాము.

అయినను చికాగో దాక పోనక్కరలేదు. సంక్రాంతికి, తిరునాళ్ళకు మన గుంటూరు, బాపట్ల పల్లెలలో జరుగు ఎడ్ల బండలాగుడు పోటీలు చూచినవారు రైతును అడగండి. ఒంగోలు గిత్తను పోటీకి తయారుచేయు రైతు మొదటి దినమే పెద్ద బండ కట్టునా? చిన్న బరువుతో మొదలుపెట్టును; ఉలవలు ఉడికించి పెట్టును; లాగిన మరునాడు విశ్రాంతి ఇచ్చును; జబ్బుపడి లేచిన ఎద్దును నెలకు గాని కాడి క్రిందకు తేడు. పశువు విషయంలో ఇంత తెలిసిన ఆ రైతే తన కొడుకు విషయంలో 'కండలు కావాలంటే డబ్బు కట్టి చేరరా' అని ఊరకుండును. కొడుకు కూడా అంతే. గిత్తకు ఉలవలు పెట్టివచ్చి, తాను టీతో రొట్టె తిని బరువులెత్తబోవును.

ఇక్కడ ఒక సందేహానికి సమాధానం చెప్పవలెను. మిల్లు హమాలీలు 75 కిలోల ధాన్యపు బస్తాలు దినమంతా మోయుచున్నారు గదా, వారికి ఏ శాస్త్రం ఉన్నదని కొందరు అడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానం ఆ హమాలీల మోకాళ్ళనే అడుగవలెను. వయోజనుడైన పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సూచించినది. కూలికి బరువు ఎంచుకొను స్వేచ్ఛ లేదు, విశ్రాంతి లేదు, చాలినంత ఆహారం లేదు. బరువు ఎత్తుట వ్యాయామం కావలెనన్న ఈ మూడూ ఉండవలెను. నా గురువైన ఆ వృద్ధుని నడుము నేడు వంగిపోయి ఉన్నది. తాను చేయలేకపోయిన దానినే ఆయన నాకు చెప్పాడని చాల ఆలస్యంగా గ్రహించాను.

మన ప్రాంతంలో ఈ విద్యకు మిక్కిలి గొప్ప ఉదాహరణ మరొకటి కలదు. బాపట్ల ప్రక్కన స్టూవర్టుపురం మన రైలులో పోవునప్పుడు కనబడు చిన్న స్టేషను. బ్రిటిషు ప్రభుత్వం 'నేరస్థ తెగలు' అని ముద్రవేసిన ఎరుకల కుటుంబాలను ఒకచోట ఉంచుటకు 1913 ప్రాంతంలో ఏర్పరచిన ఊరు అది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు అను దొర పేరు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చి, 1952లో ఆ చట్టం రద్దయినను ముద్ర మాత్రం పోలేదు. ఆ పేరుతో దొంగల కథలు వ్రాశారు, సినిమాలు తీశారు. ఆ ఊరి బిడ్డ రాగాల వెంకట రాహుల్ 2014లో చైనాలోని నాన్జింగ్ లో జరిగిన యువజన ఒలింపిక్స్ లో రజత పతకం గెలిచాడు. 2018 ఏప్రిల్ లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్టులో కామన్వెల్తు క్రీడలలో 85 కిలోల తరగతిలో 338 కిలోలు ఎత్తి స్వర్ణ పతకం తెచ్చాడు. స్నాచ్ లో 151, క్లీన్ అండ్ జెర్క్ లో 187. అనగా ఆ రెండవ ఎత్తు దాదాపు రెండున్నర ధాన్యపు బస్తాలు తల మీదుగా ఎత్తి నిలుపుట! అప్పటికి ఆయన వయస్సు 21 సంవత్సరాలు. మన డిగ్రీ మూడవ సంవత్సరపు విద్యార్థి వయస్సే. ఆయన పల్లెలో పుట్టినను చదువుకొనుచు శిక్షణ పొందినది హైదరాబాదు వద్దనున్న హకీంపేట క్రీడా పాఠశాలలో. ప్రతిభకు గురువు, గది, క్రమం దొరికినప్పుడు ఏమి జరుగునో చెప్పుటకు ఇంతకంటె దగ్గరి సాక్ష్యం మనకు అక్కరలేదు. బాపట్ల నుండి వచ్చు మన మిత్రులలో ఎందరు ఆ స్టేషనులో దిగి చూచారో నాకు తెలియదు. నేను గత సంవత్సరమే మొదటిసారి దిగాను.

పూర్వులను కూడా మరువరాదు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, 'కలియుగ భీముడు' అని పేరొందిన కోడి రామమూర్తినాయుడుగారు. 1910లో లండను పోయి, మహామల్లుడని పేరొందిన జిబిస్కోను ఎదిరించి, 1928లో పటియాలాలో అతనినే నిమిషమైనా గడువక మునుపే పడగొట్టిన గామా పహిల్వాన్. 1951 ఆసియా క్రీడలలో కాంస్య పతకం తెచ్చి, 'నర్తనశాల'లో భీముని వేషం కట్టిన దండమూడి రాజగోపాలరావుగారు. వీరిలో ఒక్కరైనా డబ్బాలో పొడి తిని పెరిగినవారు కారు.

ఆహారం మాట ఎత్తాను గనుక లెక్క చెప్పెదను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సామాన్యునికి దేహపు బరువులో కిలోకు దినానికి 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలునని 2020లో చెప్పినది. బరువులెత్తి కండ పెంచుకొనువానికి కిలోకు 1.6 గ్రాముల వరకు ఉపయోగమనియు, అంతకు మించిన దానివలన ఎక్కువ లాభం కనబడలేదనియు పరిశోధనలను క్రోడీకరించినవారు చెప్పుచున్నారు. 60 కిలోల విద్యార్థికి మొదటి లెక్కన 50, రెండవ లెక్కన 96 గ్రాములు. మూడు వందల గ్రాముల బియ్యం వండుకొని తిన్న అన్నంలో ఇరువది పైచిలుకు. నూరు గ్రాముల కందిపప్పో పెసరపప్పో అందులో మరి ఇరువదిరెండు. రెండు కోడిగ్రుడ్లలో పన్నెండు. అరలీటరు గేదెపాలలో పద్దెనిమిది. గుప్పెడు వేరుసెనగలలో, అనగా ఏబది గ్రాములలో, పన్నెండు. అప్పుడే ఎనుబదియారైనది. నిజాంపట్నం రేవు నుండి వచ్చిన చేప ముక్క ఒకటి గాని, రెండు పిడికెళ్ళ సెనగలు గాని చేరినచో లెక్క పూర్తియగును. వేలు పోసి డబ్బాలు కొనుట దేనికి? ఆ సంస్థవారే 2024 ఆహార మార్గదర్శకాలలో కండ కొరకు మాంసకృత్తుల పొడులు వాడవద్దని చెప్పారు. పాలపొడి వంటి ఆ పొడి విషమని నేను అనను. అనవసరమని మాత్రం అందును. అసలు లోపం మన హాస్టలు పళ్ళెంలో ఉన్నది. అందులో అన్నం కొండంత, పప్పు గరిటెడు, అదియు నీళ్ళు.

విషం వేరొకటి ఉన్నది. దానిని గురించి మెత్తగా చెప్పుట నాకు చేతకాదు. సన్నగా ఉన్న బాలురు, బాలికలు మందుల దుకాణంలో 'ఒళ్ళు వచ్చే మాత్రలు' అని అడిగి తెచ్చుకొనుచున్నారు. వాటిలో తరచుగా ఉండునది డెక్సామెథసోన్ జాతి మందు. ఉబ్బసం, అలెర్జీ వంటి జబ్బులకు వైద్యుడు లెక్కగా ఇచ్చు మందు అది. అది మింగినవాని ముఖం గుండ్రనగును, ఆకలి పెరుగును, త్రాసులో ముల్లు కదలును; కాని పెరుగునది నీరు, క్రొవ్వు. కండను అది కరిగించును, ఎముకను గుల్ల చేయును, హఠాత్తుగా మానినచో ప్రాణాపాయం కూడా కలుగవచ్చును. బలం కొరకు మింగి బలం పోగొట్టుకొనుట అనగా ఇదే. ఇక రెండవది పురుష హార్మోను సూదిమందు. అది నిజంగానే కండ పెంచును. అందుకే మరింత ప్రమాదం. బయటి నుండి హార్మోను వచ్చుట చూచి శరీరం తన స్వంత ఉత్పత్తిని నిలిపివేయును. బీజములు కుంచించును, సంతానయోగ్యత దెబ్బతినును, గుండెకు ఒత్తిడి పెరుగును. మొదటి సంవత్సరంలో ఏ మందూ లేకుండనే బలం మిక్కిలి వేగంగా పెరుగును. ఆ వేగం జీవితంలో మరల రాదు. ఆ సంవత్సరంలోనే సూది వేయించుకొనువాడు తన చేతిలోని మామిడిపండు పారవేసి, పచ్చికాయను కార్బైడుతో మాగించుకొనువాని వంటివాడు.

రంజాన్ నెలలో ఏమి చేయవలెనని నన్ను కొందరు అడిగినారు. ఉపవాసం ఉన్న మిత్రులు ఆ నెలలో క్రొత్త బరువులకు పోనక్కరలేదు. ఇఫ్తారు ముగిసి కొంత ఆహారం, నీరు పుచ్చుకొన్న ఒకటి రెండు గంటలకు శ్రమ చేయుట మేలు. సెట్ల సంఖ్య సగానికి తగ్గించి, ఎత్తు బరువును మాత్రం తగ్గించకుండ వారానికొకటి రెండు రోజులు చేసినచో సంపాదించిన బలం నిలుచును. వార్షిక పరీక్షల నెలకు కూడ ఇదే నియమం. వేసవిలో తెనాలి ఎండలో మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు క్రింద బరువులెత్తువారికి మాత్రం నేను చెప్పగలిగినది ఒక్కటే, మానుడు.

పెద్దల ఆక్షేపణలు మూడు విన్నాను. బరువులెత్తినచో పొడుగు పెరుగరని ఒకటి. పర్యవేక్షణలో సరియైన పద్ధతిన చేసిన శ్రమ పెరుగుదలను ఆపునని చూపిన ఆధారం లేదు. బాలల వైద్యులు కూడ కౌమారంలోనే దీనిని అనుమతించుచున్నారు. కండలకు బలమిచ్చు పని పిల్లలు వారానికి మూడు రోజులు, పెద్దలు రెండు రోజులైనా చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. చదువు చెడునని రెండవది. వారానికి రెండు గంటలు శ్రమించి చదువు చెడగొట్టుకొనుట సాధ్యమే గాని, దినానికి మూడు గంటలు ఫోను చూచి చెడగొట్టుకొనుట అంతకంటె సులభం. కండలు పెంచినవాడు రౌడీ అగునని మూడవది. దీనికి నా వద్ద సమాధానం కంటె విచారమే ఎక్కువ. ఒకప్పుడు 'పహిల్వాన్' అను మాట మర్యాద. వీధిలో తగవు తీర్చుటకు పిలుచువాడు. తాలింఖానాకు ఉస్తాదు ఉండెడివాడు, లోపలికి అడుగిడునప్పుడు నేల తాకి కన్నులకద్దుకొను మర్యాద ఉండెడిది. ఉస్తాదు పోయి అద్దం మిగిలినప్పటి నుండియే ఆ మాటకు చెడ్డపేరు వచ్చినది.

బాలికల సంగతి ఇంతవరకు ఎత్తకపోవుట నా తప్పే. మన గదులు ఎట్లు కట్టబడినవో మన ఆలోచనలూ అట్లే కట్టబడినవి. భారతదేశానికి ఒలింపిక్స్ లో పతకం తెచ్చిన మొదటి మహిళ మన తెలుగు బిడ్డ, శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతపు కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీలో 69 కిలోల తరగతిలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. అంతకు ముందే 1994, 1995 సంవత్సరాలలో ప్రపంచ విజేత. మన మంగళగిరి నుండి షేక్ సాదియా అల్మాస్ పవర్ లిఫ్టింగ్ లో అంతర్జాతీయ పతకాలు తెచ్చారు. మంగళగిరి తెనాలికి ఎంత దూరం? అయినను మన కళాశాలలో ఒక సోదరి బరువు ఎత్తవలెనన్న ఎక్కడ ఎత్తవలెను? వయస్సు గడచిన పిమ్మట స్త్రీలలో ఎముకలు గుల్లబారుట ఎక్కువ. ఎముకకు బలం కూడబెట్టుకొనుటకు తగిన కాలం ఈ వయస్సే. మా అమ్మగారి తరంవారు బిందెలు మోసి, రోలు దంచి కొంత కూడబెట్టుకొన్నారు. నేటివారికి ఆ శ్రమ తప్పినది, మంచిదే. దాని స్థానంలో మరొకటి రాలేదు.

కనుక పాలక సంఘం వారికి నా విన్నపం. మాకు అద్దాల మేడ వలదు, విద్యుత్తుతో తిరుగు పరుగు యంత్రాలు వలదు. గ్రంథాలయం వెనుక విరిగిన బల్లలు పెట్టిన గది ఒకటి ఉన్నది. ఆ బల్లలను తీయించి, రెండు ఇనుప కడ్డీలు, కొన్ని చక్రాలు, బస్కీలకు ఒక చట్రం ఇప్పించినచో చాలును. చక్రాలలో కిలోంబావు బరువువి తప్పక ఉండవలెను. జతగా వేసినచో రెండున్నర కిలోలగును. పెద్ద చక్రాలు మాత్రమే కొని చిన్నవి కొనకపోవుట వలననే యువకులు ఒక్కసారిగా పది కిలోలు దుముకుచున్నారు. ఉదయం బాలురకు, సాయంకాలం మొదటి గంట బాలికలకు, వారి ఉపాధ్యాయినుల పర్యవేక్షణలో కేటాయించవలెను. వ్యాయామోపాధ్యాయులవారిని వేసవిలో శిక్షణకు పంపవలెను. గోడకు ఒక పలక వ్రేలాడదీయవలెను. అందులో ప్రతి విద్యార్థి పేరు ఎదుట ఎత్తిన బరువు కాదు, వారం వారం పెంచిన బరువు వ్రాయవలెను. అప్పుడు 25 కిలోలు ఎత్తువాడు 80 ఎత్తువాని ముందు తలవంచుకొనడు. వార్షికోత్సవంలో షాట్ పుట్ కు బహుమతి ఇచ్చుచున్నాము, దానిని విసరుట ఎవరికీ నేర్పకుండనే. ఈ సంవత్సరం వేదిక అలంకరణలో కొంత తగ్గించిననూ అతిథులు కోపింపరని నా నమ్మకం.

గది వచ్చువరకు మిత్రులు ఊరక కూర్చొననక్కరలేదు. నేను నడుము బాగైన తరువాత వ్యాయామశాలకు పోలేని రోజులలో ఒక గోనెసంచిలో కృష్ణ ఇసుక పోసి, మూతి కుట్టి, దానిని మరొక సంచిలో పెట్టి వాడుకొన్నాను. మొదట ఇరువది కిలోలు. కొట్టులోని కాటాపై తూచి, వారానికి రెండు కిలోల ఇసుక కలుపుచు వచ్చాను. గుండెలకు హత్తుకొని బస్కీలు, నేల నుండి లేపి భుజం మీదకు, భుజం నుండి తల మీదకు. నడుము వంచక తుంటి వంచవలెను, సంచిని కాళ్ళకు దగ్గరగా ఉంచుకొనవలెను, ఊపిరి బిగబట్టి లేచి పైన వదలవలెను. ఈ మూడు అంశాలు నాకు ఆ వృద్ధుడు తన చేతికర్రతో చూపించి నేర్పాడు. ఆ సంచి ఇప్పుడు నలుబదియారు కిలోలు. గదికి తాళపుచెవి దొరికిన మొదటి దినాన దానిని రేపల్లె బండిలో తెచ్చి మూలన పెట్టెదను. టిక్కెట్టు కలెక్టరుగారు అడిగినచో సామాను రుసుము నేనే చెల్లించెదను.